సంచిలో పడని తుపాకీ

అడవిపంది అనుకుని పక్క చేనువాడు కాల్చిన నాటు తుపాకీ గుండుకి నారాయణమ్మ మొగుడి కాలు పోయింది. అప్పట్నుంచి ఆమె ఆనందపురం దగ్గరి తమ ఊళ్లో గడపగడపకీ తిరిగి, తిట్లు తిని, ఊరి తుపాకులు ఏడూ గోనెసంచిలో వేయించింది.

వాటిని పోలీసులకు అప్పగించే సభకు మాత్రం రియల్ ఎస్టేట్ సన్యాసిరాజు దిగాడు, శాంతి కమిటీ అధ్యక్షుడట. ఫ్లెక్సీ నిండా ఆయన మొహమే, శాలువా కూడా ఆయనకే. తుపాకులు మానమని గంటసేపు ఉపన్యాసం దంచాడు. చెయ్యి ఎత్తినప్పుడల్లా నడుముకున్న పిస్తోలు తొంగిచూసింది.

నారాయణమ్మ సంచి మూతి తెరిచి ఆయన ముందు పెట్టింది. "మీదీ ఎయ్యండి బాబూ."

"నాది లైసెన్సుదమ్మా. ప్రాణరక్షణకి."

"ఎవుల్నుంచి బాబూ? ఊల్లో తుపాకులన్నీ ఈ సంచిలోనే ఉన్నాయి గదా."