చుట్టాల సంతకం చెల్లదు

ఫోను మోగేసరికి ఆమె చేతిలోని గరిటెతోనే పరుగెత్తింది.

"పాసయ్యానోయ్!" అవతల భర్త కేక. "ట్యాక్సీ శిక్షణ పరీక్ష! చక్రాల కుర్చీ ఎక్కించడం, తాగి తిట్టేవాణ్ణి ఓర్పుగా దింపడం, అన్నిట్లోనూ!"

పెళ్ళయి నెల తిరక్కుండానే ఎంత మంచి కబురు! ఆమె గరిటెను మైకులా పట్టుకుని, "ట్యాక్సీ డ్రైవరుగారి భార్యను మాట్లాడుతున్నాను" అని కిటికీకి చెప్పింది.

సాయంత్రం అతను మాత్రం ముఖం వేలాడేసుకుని వచ్చాడు. లైసెన్సు చేతికి రావాలంటే ఇంకొకటి మిగిలిందట. ఇతను మంచి నడవడిక గలవాడని, కొన్నేళ్ళుగా ఎరిగినవాళ్ళెవరైనా సంతకం పెట్టాలి.

"నాన్న ఉన్నాడుగా! చదువైనప్పట్నుంచీ ఆయన బేకరీ వ్యాను తోలింది నువ్వే కదా."

"మామయ్య సంతకమే పట్టుకెళ్ళాను. ఈయన మీకేమవుతారని గుమస్తా అడిగాడు. పొంగిపోయి, మా మామగారండీ అన్నాను. చుట్టాల సంతకం చెల్లదట."

"పోయిన నెలైతే?"

"యజమానిగా భేషుగ్గా చెల్లేదట. పెళ్ళి కాస్త ఆగి చేసుకోవాల్సిందని సలహా కూడా ఇచ్చాడు."

"ఆ ముహూర్తమేదో ఆయన్నే అడగాల్సింది!" ఆమెకు ఒళ్ళు మండిపోయింది. వ్యాను పని అప్పుడే ఇంకొకరికి ఇచ్చేశారు. ఈ వారంలో లైసెన్సు చూపించకపోతే ట్యాక్సీ యజమాని కారు మరొకరికి ఇచ్చేస్తానన్నాడు.

తండ్రికి ఫోను చేసింది. "దానికేముందమ్మా, పెళ్ళికి ముందు తేదీ వేసి పెడతాను" అన్నాడాయన.

"నాన్నా! అది మంచి నడవడికకు ఇచ్చే కాగితం!"

బేకరీలో ఇంకెవరున్నారు? పొయ్యి దగ్గర బాబాయి, గల్లాపెట్టె దగ్గర మేనత్త. దుకాణం దుకాణమంతా చుట్టాలే. ఆమె విసుగ్గా పైకప్పు కేసి చూసింది. పైన కుర్చీ జరిపిన చప్పుడు.

"పైవాటా టీచరమ్మ! నువ్వీ గదిలో దిగినప్పట్నుంచీ ఆవిడ నిన్నెరుగును."

"ఆవిడా? వ్యాను చప్పుడుకి నిద్ర పాడవుతోందని వీధంతా వినేలా చీవాట్లు పెట్టింది. ఇప్పటికీ నన్ను చూస్తే చిరచిరలాడుతుంది."

ఆమె అతని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది.

టీచరమ్మ కళ్ళద్దాలు సర్దుకుని అంతా విన్నది. "నేను తిట్టిన మర్నాటినుంచీ తెల్లారకుండానే వ్యాను వీధి చివరిదాకా తోసుకుపోయి, అక్కడ స్టార్టు చేసేవాడివి. పాపం, బండి చెడిపోయిందేమో, ఈ పిసినారి యజమాని బాగు చేయించడు కాబోలు అనుకున్నాను."

"ఆ పిసినారి మా నాన్నేనండీ" అంది ఆమె. భర్త వ్యాను తోసేవాడన్న సంగతి ఇప్పుడే తెలిసింది. అతనేమో గోడవైపు చూస్తున్నాడు.

"అయితే సంతకం..." అన్నాడు నెమ్మదిగా.

"ఉన్నదున్నట్టు రాస్తాను. బండి కడుగుతూ పాడతావు, శ్రుతీ లేదు, లయా లేదు. అదీ రాస్తాను."

"రాయండి పిన్నిగారూ!"

"అదిగో! అక్కడ పిన్నీ గిన్నీ అన్నావంటే గుమస్తా మళ్ళీ వెనక్కి పంపుతాడు. టీచరుగారూ అనాలి, తెలిసిందా? రేపు ఆఫీసు తెరిచే వేళకి ముగ్గురం వెళ్తున్నాం. నువ్వు నోరు మూసుకుని నిలబడు, నేను మాట్లాడతాను."