కౌంటరు పక్కన నల్లరాయి

నంద్యాల స్టేషను రోడ్డులో మహానందమ్మకున్న పాత లాడ్జిని కొత్త హోటలుగా మార్చడానికి హైదరాబాదు నుంచి శ్యాంసుందర్ అనే ఆర్కిటెక్టు వచ్చాడు. అతగాడు వచ్చీ రాగానే సగం గోడలు కొట్టించాడు. చీకటి గదులకు పెద్ద కిటికీలు పెట్టించాడు. తుప్పు మంచాలను తూకానికి అమ్మించాడు. అంతవరకు బాగానే ఉంది. చివరికి కౌంటరు పక్క గోడలో పొదిగిన నల్లరాయి ముందు నిలబడి మురిసిపోయాడు. పాతకాలపు వస్తువట, దాన్ని కదిలించకూడదట. వచ్చినవాళ్లు దాని పక్కన ఫోటోలు దిగుతారని పైన ఒక లైటు కూడా బిగించాడు.

చదివే మురిశాడో, చదవకుండా మురిశాడో ఆయనకే తెలియాలి. 'ఒంటరి స్త్రీలకు గదులు ఇవ్వబడవు' అని మహానందమ్మ మామగారు ఆళ్లగడ్డ శిల్పి చేత చెక్కించిన రాయి అది.

కాపురానికి వచ్చినప్పటి నుంచి ఏటా దసరాకు మహానందమ్మ ఆ రాయికి పసుపు రాసి బొట్టు పెడుతూనే ఉంది. రోజూ కళ్లెదుట ఉండేదాన్ని ఎవరు మాత్రం చదువుతారు? నిరుడు ఆమె భర్తను హైదరాబాదులో ఐసీయూలో పెట్టారు. రాత్రికి ఆమెను లోపల ఉండనివ్వలేదు. సంచి పట్టుకొని లాడ్జీల వెంట తిరిగింది. తోడు మగవాళ్లెవరని మొదటివాడు అడిగాడు. తాళంచెవులు వెనక వరసగా వేలాడుతుండగానే రెండోవాడు రూముల్లేవన్నాడు. మూడోచోట, మరిది వెనకాల వస్తున్నాడని అబద్ధం చెప్పింది. అతను వచ్చాకే రమ్మన్నారు. నాకూ ఒక లాడ్జి ఉందని చెప్పబోయి, ఈ రాయి గుర్తొచ్చి నోరు మూసుకుంది. తెల్లవార్లూ ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుంది. భర్త పోయిన దుఃఖంతో పాటు ఆ సిగ్గు కూడా ఆమెకు మిగిలిపోయింది.

అందుకే ఇప్పుడు రాయి తీసేయమంది. ఇక మీదట ఈ హోటల్లో ఒంటరిగా వచ్చిన ఆడవాళ్లకే ముందు గది అంది. శ్యాంసుందర్ ముఖం మాడ్చుకున్నాడు. సగం వాటాదారైన మరిది గురుప్రసాద్ మాత్రం అంతెత్తున లేచాడు.

“రాయి తీస్తే ఊర్లో మన లాడ్జిని ఎట్లాంటిదనుకుంటారో తెలుసా వదినా?”

“హైదరాబాదులో నన్ను ఎట్లాంటిదనుకున్నారో అట్లనే అనుకోనీ.”

రాయి పోతే ప్రారంభానికి తానూ రాడు, చుట్టాలనూ రానివ్వడు. మొదటి అతిథులుగా తాళంచెవి అందుకోవడానికి తాను మాట్లాడిపెట్టిన దంపతులు కూడా రారు. ఈ మాట చెప్పి గురుప్రసాద్ విసురుగా వెళ్లిపోయాడు. ఆమె బతిమాలలేదు.

మర్నాడు మేస్త్రీలు గడ్డపారలతో రాయిని పెకలించారు. దాన్ని ట్రాలీ ఆటోలో వేయించి, మహానందమ్మ డ్రైవరు పక్కన కూర్చొని ఆళ్లగడ్డకు బయల్దేరింది. అక్కడ సగం చెక్కిన నందుల మధ్య ఉలి పట్టుకొని కూర్చున్న సుబ్బరాయుడు రాయిని చూసి లేచి వచ్చాడు. గాడిలో వేలు పెట్టి ఒక్కొక్క అక్షరాన్నే తడిమాడు.

“ఇది మా నాయన చేతి పనిమ్మా. చెరపనీకి నాకు చెయ్యి రాదు. అక్షరాలు కిందికి తిప్పి ఏసుకో, ఎవరికి కనపడ్తాయి?”

“నాకు కనపడ్తాంటాయి. మీ నాయన చేతికి తప్పు లేదప్పా. ఆ మాట మా ఇంటిది. మా ఇంటి మాటనే నేను చెరపమంటాండా.”

సుబ్బరాయుడు రాయిని తాకి చేతిని కళ్లకద్దుకొని, పనివాళ్లకు ఇవ్వకుండా తానే ఉలి పట్టాడు. ఆఖరి అక్షరం పోయేదాకా మహానందమ్మ అక్కడి నుంచి కదల్లేదు. రాతిపొడి చీరనిండా పడింది. రాయిని నున్నగా చేయించి, కూర్చునే అరుగుగా కౌంటరు ముందు వేయించింది. కౌంటరుకున్న ఇనుప కటకటాలు పీకించి, అరుగు మీద కూర్చున్న మనిషి ముఖం కనబడేంత కిందికి కౌంటరును కోయించింది. ఉత్త గోడ మీద పడుతున్న లైటును అరుగు మీదికి వంచమని శ్యాంసుందర్‌కు చెప్పింది. అతను సణుగుతూనే వంచాడు.

గురుప్రసాద్ అన్నంత పనీ చేశాడు. ప్రారంభం రోజు వేసిన కుర్చీలు వేసినట్టే ఉన్నాయి. పూజ చేసిన అయ్యవారు బోణీ దంపతులదైతే మంచిదని నసిగి, ఎవరూ రాకపోయేసరికి సంభావన తీసుకొని వెళ్లాడు. టిఫిన్లు చల్లారిపోయాయి. మహానందమ్మకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. కౌంటరు వెనక నుంచి మాత్రం లేవలేదు.

సాయంత్రం సంచి భుజాన వేసుకొని ఒక అమ్మాయి మెట్టు దగ్గర ఆగింది. చాగలమర్రి నుంచి వచ్చిన నిలోఫర్ ఆమె. మర్నాడు పొద్దున్నే ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరాలి. ఎవరూ ఏమీ అడగకముందే గడగడా చెప్పేసింది.

“మా అన్న వెనకాల వస్తాండాడమ్మా.”

ఆ మాట మహానందమ్మకు బాగా తెలుసు.

“రాకపోయినా ఏం లేదు. కూర్చో.”

నిలోఫర్ అరుగు అంచున కూర్చుంది. లైటు ఆమె ముఖం మీద పడింది. కాసేపటికి తల దించుకొని, “ఒక్కదాన్నేనమ్మా” అంది.

“ఈ పొద్దు ఈడ నేనూ ఒక్కదాన్నే” అంటూ మహానందమ్మ మొదటి తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టింది.