ఒడ్డువైపు తిరిగిన అడుగులు

స్పూట్ల కోసం వెళ్ళేటప్పుడు సముద్రానికి వీపు పెట్టి నడవాలి. ఆ దీవిలో నడక వచ్చిన ప్రతి పిల్లకీ తెలిసిన సంగతి ఇది. పౌర్ణమి వెళ్ళిన ఒకటి రెండు రోజుల్లో సముద్రం మామూలుకన్నా చాలా దూరం తగ్గుతుంది. ఎప్పుడూ నీళ్ళకింద ఉండే ఇసుక బయటపడుతుంది. మడిచిన మంగలికత్తిలా పొడుగ్గా ఉండే ఆల్చిప్పలు ఈ స్పూట్లు. ఆ ఇసుకలో నిలువుగా దాక్కుని ఉంటాయి. మనిషి అడుగు పడగానే అదిరిపడి, కాసిన్ని నీళ్ళు చిమ్మి కిందికి జారిపోతాయి. ముందుకి నడిచేవాడికి ఆ చిమ్మడం కనిపించదు, వాడు దాటిపోయాక జరుగుతుంది కనక. అందుకే వెనక్కి నడవాలి. కళ్ళు మాత్రం తాను అప్పుడే దాటిన ఇసుకమీద ఉంచాలి.

ఇష్‌బెల్‌కి ఇదంతా పెళ్ళయ్యాక తెలిసింది. ఆమె సముద్రానికి దూరంగా, పెర్త్ ఊళ్ళో పుట్టి పెరిగింది. ఇన్నేళ్ళుగా ప్రతి ఆగస్టులో, బడులు తెరవకముందు, భర్త ఎర్లెండ్‌తోనూ పిల్లలిద్దరితోనూ అత్తగారింటికి వస్తున్నా, దీవి వాళ్ళకి ఆమె ఇంకా అప్పుడే పడవ దిగిన పరాయి మనిషే.

"చూసుకో అమ్మాయ్, అలా బురదలో గొడ్డులా తొక్కితే స్పూట్లు అవతలి దీవికి పారిపోతాయి," అంది అత్తగారు థోరా, చేతిలో బాల్చీ ఊపుతూ.

"పారిపోనివ్వండి అత్తయ్యా. అక్కడివాళ్ళు మాత్రం తినద్దా?"

"పెర్త్ పిల్లకి నోరు బాగానే వచ్చింది. స్పూట్లు పట్టడమే రాలేదు."

ఆరేళ్ళ ఊనా పకపకా నవ్వింది. ఆ పూట దాని సంబరం అంతా ఇంతా కాదు. నానమ్మ మొదటిసారి దానికి సొంతంగా ఓ కత్తి ఇచ్చింది. మొన పోయిన వంటింటి కత్తే అయినా దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎవరైనా అడుగుతారేమోనని అందరి మొహాలూ చూస్తోంది.

"కత్తి గుచ్చి స్పూట్‌ని కదలకుండా ఆపాలి. అప్పుడు వేళ్ళతో పట్టుకోవాలి. లాగావంటే తెగుతుంది. వదిలావంటే పోతుంది. పట్టుకుని ఊరికే ఉండు. అదే అలిసిపోయి వచ్చేస్తుంది," అని చెప్పింది థోరా.

"అంత చిన్నపిల్లకి కత్తెందుకు అత్తయ్యా?" అంది ఇష్‌బెల్.

"ఎర్లెండ్‌కి దీనికన్నా చిన్నప్పుడే ఇచ్చాను. పది వేళ్ళూ ఉన్నాయి, కావాలంటే చూసుకో."

ఒడ్డునున్న గులకరాళ్ళ గట్టు దాటి కొంత దూరం వెళ్ళాక, గట్టి ఇసుక మొదలైన చోట అయిదుగురూ ఒక వరసలో నిలబడ్డారు. ఇంటివైపు మొహాలు, సముద్రం వైపు వీపులు. పదేళ్ళ ఇన్నెస్ తండ్రి పక్కన కుడివైపు చివర. ఎడమవైపు చివర థోరా. ఆమెకీ ఇష్‌బెల్‌కీ నడుమ ఊనా. "ఇక పదండి," అన్నాడు ఎర్లెండ్. అందరూ తలలు వంచుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టారు.

ఆ పని మొదలైతే మాటలుండవు. చూపు ఇసుక మీంచి కదిలిందంటే స్పూట్ పోయినట్టే. ఇష్‌బెల్‌కి ఎడమవైపు నించి కాసేపు ఊనా కూనిరాగం వినిపించింది. తరవాత వినిపించలేదు. నానమ్మ దగ్గరికి చేరి ఉంటుందనుకుంది. ఆ పూట ఇష్‌బెల్‌కి కూడా ఓ స్పూట్ దొరికింది. దాన్ని బాల్చీలో వేసి, అత్తగారికి చూపిద్దామని తలెత్తింది.

ఇల్లు లేదు.

గులకరాళ్ళ గట్టు లేదు. తన చేతిలో బాల్చీ ఉంది, పాదాల చుట్టూ ఓ చాపంత ఇసుక ఉంది. మిగిలినదంతా తెలుపు. పొగమంచు సముద్రం మీంచి వాళ్ళ వీపుల వెనకనించి వచ్చింది. అందరూ ఒడ్డువైపే చూస్తున్నారేమో, అది తమని దాటి ముందుకి పోయేదాకా ఒక్కరూ గమనించలేదు.

"అందరూ నా గొంతు దగ్గరికి రండి!" ఎర్లెండ్ అరిచాడు. "పోటు తిరిగేవేళ అయింది. ఇన్నెస్, నా కోటు పట్టుకో. అమ్మా! ఇష్‌బెల్!"

ముందు థోరా వచ్చింది, బూడిదరంగు నీడలా. ఇష్‌బెల్ ఆమె వెనక చూసింది. వెనక ఎవరూ లేరు.

"ఊనా ఏదీ?"

"నీ దగ్గర లేదూ?" అంది థోరా.

"మీ దగ్గరుంది కదా అత్తయ్యా."

"నువ్వు పిలిచావనుకున్నాను. నీవైపే వెళ్ళింది..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "ఊనా!" అని ఎర్లెండ్ గొంతు చించుకున్నాడు. ఆ కేక కొంచెం దూరం వెళ్ళి, తడిబట్టలో చుట్టినట్టు ఆగిపోయింది. మళ్ళీ అరిచాడు. నలుగురూ ఊపిరి బిగబట్టి విన్నారు. ఎక్కడో నీళ్ళు ఇసుకమీద పాకుతున్న చప్పుడు తప్ప మరేం లేదు.

"నాన్నా, ఇవిగో!" ఇన్నెస్ కిందికి చూపించాడు. "ఊనా బూట్ల గుర్తులు! ఇంటివైపే వెళ్ళింది, చూడు."

తడి ఇసుకలో చిన్న చిన్న అడుగులు వరసగా పడి ఉన్నాయి. బూట్ల ముక్కులన్నీ ఒడ్డువైపే ఉన్నాయి.

"హమ్మయ్య," అన్నాడు ఎర్లెండ్. ఆ మాటతోపాటు అతని భుజాలు కూడా కిందికి జారాయి. "చలేసి ఇంటికి పోయింది, దొంగపిల్ల. ఒక్క మాట చెప్పి పోకూడదూ! నేను ముందు పరిగెత్తి చూస్తాను. మీరు ఈ అడుగులు పట్టుకునే రండి." చూస్తూండగానే మంచులో కలిసిపోయాడు.

థోరా మనవడి చెయ్యి పట్టుకుని గట్టువైపు నడిచింది. ఇష్‌బెల్ మాత్రం ఒక్కొక్క అడుగూ చూసుకుంటూ వెళ్ళింది. ఏ ఒక్కటి వదిలేసినా ఆ పిల్ల అక్కడే చేజారిపోతుందని ఆమెకి ఎందుకో అనిపించింది. ఇల్లు చేరి ఉంటుంది, పొయ్యి దగ్గర కూచుని ఉంటుంది, తడి మేజోళ్ళు కుర్చీ మీద పడేసి ఉంటుంది, అని తనలో తను చెప్పుకుంటూ నడిచింది. అడుగులు తిన్నగా ఒడ్డువైపు వచ్చి, గట్టి ఇసుక మొదలయ్యే చోట ఆగిపోయాయి.

గట్టుకీ ఆ చోటుకీ మధ్య ఇసుకమీద చిన్న బూట్ల జాడలు ఉన్నాయి. కాని వాటి ముక్కులు సముద్రంవైపు ఉన్నాయి. అవి వాళ్ళందరూ వచ్చినప్పటివి. ఇంటికి వెళ్ళిన జాడ ఒక్కటీ లేదు.

ఇష్‌బెల్ మళ్ళీ ఆ ఆగిపోయిన చోటు చూసింది. ఊనా అడుగుల పక్కన అత్తగారివి. ఇటుపక్క తనవి. ఆ పైన ఇన్నెస్‌వీ ఎర్లెండ్‌వీ. అయిదుగురి అడుగులూ వరసగా, బుద్ధిగా, ముక్కులు ఇంటివైపు తిప్పుకుని ఉన్నాయి. అయిదుగురూ ఇంటికి తిరిగి వచ్చేసినట్టే ఉన్నాయి.

ఇక్కడినించే బయల్దేరాం కదూ, అనుకుంది. ఊనా అడుగులు ఇక్కడ ఆగిపోలేదు. ఇక్కడ మొదలయ్యాయి.

"అత్తయ్యా! అది ఇంటికి పోలేదు! ఇంకా వెనక్కే నడుస్తోంది!"

గట్టుమీద గులకరాళ్ళు దొర్లిన చప్పుడు, థోరా వచ్చి ఎదుట నిలబడింది. ఇసుక కేసి ఒక్కసారి చూసింది. ఆ దీవిలో పుట్టి, ఆ ఇసుకలోనే ముసలిదైన మనిషి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎంత పనైంది! నా కళ్ళెదుటే ఉంటే నాకు తోచలేదే!"

ఇష్‌బెల్ అప్పటికే కదిలింది.

"ఆగు! ఎర్లెండ్‌ని రానీ! అక్కడి పల్లాలు నీకు తెలీవు!"

"ఊనాకి తెలుసా?" అని పరిగెత్తింది.

ఈసారి ఆ అడుగుల్ని మడమల వైపు అనుసరించింది. మొదట అవి స్పష్టంగా ఉన్నాయి. కొంత దూరం వెళ్ళాక వాటిల్లో నీళ్ళు ఊరి గిన్నెల్లా మెరిశాయి. ఇంకా వెళితే అంచులు కరిగి సొట్టలయ్యాయి. ఆ తరవాత, అసలు ఉన్నాయో తన కళ్ళే పుట్టిస్తున్నాయో తెలీకుండా పోయింది. చివరికి ఓ పల్చటి నీటి పొర మంచులోంచి నిశ్శబ్దంగా వచ్చి ఆమె బూట్లని చుట్టుకుంది. జాడ పోయింది.

"ఊనా!"

ఏమీ లేదు. తన గుండె చప్పుడు ఎంత పెద్దగా వినిపిస్తోందంటే, పిల్ల జవాబిచ్చినా వినపడదేమోనని భయమేసింది. ఇక తిన్నగా నడవడం తప్ప చేయగలిగింది లేదు. నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి. అక్కడ నేల కిందికి దిగింది. ఒక పల్లం, మోకాళ్ళ దాకా. అది దాటితే మళ్ళీ మెరక. మెరక మీద నీళ్ళు తక్కువే గాని, అన్ని వైపులనించీ వస్తున్నాయి. ఎర్రగా ఏదో కనిపించింది. ఊనా టోపీ. నీటి మట్టానికి కొంచెం పైన, కదలకుండా ఉంది.

ఆ నాలుగు అడుగులు ఎలా వేసిందో ఇష్‌బెల్‌కే తెలీదు.

టోపీ కింద తలుంది. ఊనా నీళ్ళలో గొంతుక్కూచుని, కుడిచెయ్యి భుజం దాకా ఇసుకలో దూర్చి, బుగ్గ నీళ్ళకి ఆనించి ఉంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

"అరవకు అమ్మా," అంది గుసగుసగా. "దానికి వినపడుతుంది."

"వదిలెయ్. లే."

"వదిలితే పోతుంది. నానమ్మ చెప్పింది. అలిసిపోతోంది అమ్మా, ఇంకొంచెం సేపే..."

"ఊనా, చెయ్యి వదులు!"

తల్లి మొహం అప్పుడు చూసింది ఊనా. చూసి, భయపడింది. ఇష్‌బెల్ దాని చంకల కింద చేతులు వేసి పైకి లాగి మెడమీద కూచోబెట్టుకుంది. రెండు చిన్న చీలమండల్నీ పట్టుకుంది. వెనక్కి తిరిగింది.

వెనక్కి అంటే ఎటు?

తను వచ్చిన జాడ లేదు. ముందూ వెనకా ఒకటే తెలుపు. ఎక్కడో తమ వ్యాన్ హారన్ మోగింది. ఎర్లెండ్ ఇంట్లో పిల్ల లేదని చూసి, దారి తెలియాలని మోగిస్తూ ఉంటాడు. హారన్ మళ్ళీ మోగింది. మొదటిసారి ఎడమవైపు నించి వినిపించింది, రెండోసారి వెనకనించి. ఒకడుగు అటు వేసింది. ఆగి ఇంకో అడుగు ఇటు వేసింది. నీళ్ళు మోకాళ్ళకి వచ్చాయి.

"ఇల్లు ఎటమ్మా?"

"చెప్తాను. ఉండు."

ఏం చెప్పాలో తెలీదు. కదలకుండా నిలబడింది. నిలబడితే తెలిసింది, నీళ్ళు మోకాళ్ళ వెనకనించి తోస్తున్నాయని. మెల్లగా, ఆగకుండా, వెళ్ళు వెళ్ళు అన్నట్టు తోస్తున్నాయి. పోటు ఒడ్డుకే పోతుంది. ఇంకెక్కడికి పోతుంది? ఆ తోపు వీపు వెనకే ఉండేలా చూసుకుంటూ కదిలింది. పక్కకి తగిలినట్టనిపిస్తే ఆగి సర్దుకుంది. పల్లం మళ్ళీ వచ్చింది. ఈసారి తొడలు, తరవాత నడుము. బూట్లలో నీళ్ళు నిండి కాళ్ళు రాళ్ళయ్యాయి. ఒక అడుగు కింద నేల తగల్లేదు. మునిగింది. ఉప్పునీళ్ళు ముక్కులోకి వెళ్ళాయి. పైన ఊనా కెవ్వుమంది. రెండో కాలికి ఇసుక దొరికింది. లేచింది. పట్టు మాత్రం వదల్లేదు.

"అమ్మా, నొప్పి! కాలు నొప్పి!"

"తెలుసు."

"ఇష్‌బెల్!" అది ఎర్లెండ్ గొంతు, ఈసారి ఎదటినించే. నీళ్ళని చీల్చుకుంటూ వచ్చి ఇద్దర్నీ కలిపి పట్టుకున్నాడు.

గట్టుమీద థోరా ఇన్నెస్‌ని పొట్టకి అదిమిపెట్టుకుని నిలబడి ఉంది. పిల్లని చూసి ముందుకి రాలేదు. ఉన్నచోటే గులకరాళ్ళ మీద కూలబడింది. ఇన్నెస్ మాత్రం చెల్లెలి దగ్గరికి వచ్చి, "పిచ్చిమొద్దూ," అని, టోపీ మీద ఒక దెబ్బ వేసి, ఏడ్చేశాడు.

ఇంట్లో పొయ్యి దగ్గర ఊనాని దుప్పటిలో చుట్టి కూచోబెట్టారు. ఎర్లెండ్ కట్టెల్లా మండే పీట్ మట్టిగడ్డలు ఇంకాసిని పొయ్యిలో పడేసి, ఎందుకో బయటికి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. తడిబట్టలు మార్చుకోమని ఇష్‌బెల్‌కి ఎవరు చెప్పినా వినపడలేదు. రెండు చేతులూ బల్ల అంచుకి అదిమిపెట్టుకుని నిలబడింది.

థోరా నేలమీద కూచుని మనవరాలి మేజోళ్ళు విప్పింది. విప్పి, ఆగిపోయింది. రెండు చీలమండల చుట్టూ వేళ్ళ గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి. బొటనవేలుది అప్పుడే నీలంగా తిరుగుతోంది.

"ఇంత గట్టిగా పట్టుకుందా అమ్మ?"

"నొప్పని చెప్పాను నానమ్మా. వినలేదు," అంది ఊనా, ఫిర్యాదు చేస్తూ.

థోరా ఆ గుర్తుల మీద తన అరచేయి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. తరవాత తల ఎత్తకుండానే అంది, "ఇష్‌బెల్, ఇలా వచ్చి కూచో. ఇక్కడ వెచ్చగా ఉంది."

ఇష్‌బెల్ వెళ్ళి అత్తగారి పక్కన నేలమీద కూచుంది. ఊనా పాదం ఒకటి ఆమె ఒడిలోకి వచ్చింది. పట్టుకోబోయి, ఆ ఎర్రటి గుర్తులు చూసి, చెయ్యి గాల్లోనే ఆపేసింది.

"పట్టుకో అమ్మా," అంది ఊనా. "కాని మెల్లగా."