ఏడేళ్ల నిశ్చింత

ఆ ఆఫీసులో అందరూ ఆమెను చీదరమ్మ అనేవాళ్లు. మొహం మీద కాదు, వెనకాల. అయినా ఆమె చెవిన పడకపోలేదు. కొత్త ఫోన్లు వాడి చూసి వాటి మంచిచెడ్డలు పత్రికలో రాయడం ఆమె పని. ఎవరు ఫోను చేతికిచ్చినా ముందు మెత్తటి గుడ్డతో రెండు వైపులా తుడిస్తే గానీ పట్టుకునేది కాదు. అద్దం మీద వేలిముద్ర కనబడితే చాలు, ఎవరో దాని మీద తుమ్మి ఇచ్చినట్టు మొహం పెట్టేది. పన్నెండేళ్ల నుంచీ అదే పని, అదే మొహం.

నిరుడు ఒక పెద్ద కంపెనీ తన ఆండ్రాయిడ్ ఫోన్లలోకెల్లా ఖరీదైనదాన్ని, వాళ్ల భాషలో ఫ్లాగ్‌షిప్‌ని, బజారులోకి వదిలింది. నల్లగా, నున్నగా, కడిగిన రాయిలా ఉండేది. ఏడేళ్లపాటు అప్‌డేట్లు ఇస్తామని మాటిచ్చింది. రెండో ఏడు తిరక్కుండానే చేతులెత్తేసే కంపెనీలను చూసి చూసి విసిగిపోయిన చీదరమ్మకు ఆ మాట తియ్యగా వినబడింది. పది రోజులు వాడి, పదకొండో రోజున రాసేసింది. "ఇది కొన్నవాళ్లకు ఏడేళ్ల నిశ్చింత" అని ముగించింది. కంపెనీవాళ్లు ఆ వాక్యాన్ని ఆమె పేరుతో సహా పెట్టె మీద అచ్చేశారు. అలాంటి పెట్టె ఒకటి తెచ్చుకుని ఆమె ఇంట్లో పుస్తకాల అరలో పెట్టుకుంది కూడా.

ఆ మాట నమ్మి ఫోను కొన్నవాళ్లలో ఆమె వదిన ఒకరు. భర్తకు స్వయానా అక్క. పద్నాలుగో ఏట జ్వరమొచ్చి చూపు పోయింది. చదువు మానలేదు. కీళ్లు పట్టేసినవాళ్లకూ, ఆపరేషన్లయినవాళ్లకూ వ్యాయామాలు చేయించే ఫిజియోథెరపిస్టు అయింది. మోకాలి మీద చెయ్యి పడితే చాలు, ఇది మెట్లెక్కే మోకాలో, కుర్చీలో కూర్చునే మోకాలో చెప్పేసేది. నోటికి మాత్రం కళ్లెం లేదు. ఆవిడ ఫోను తెర మీద ఉన్నదంతా గొంతెత్తి చదివి వినిపించేది. వేలు ఎక్కడ పెడితే అక్కడ ఉన్న మాట పలికేది, రెండుసార్లు తడితే ఆ పని చేసేది. ఆవిడ బతుకంతా ఆ గొంతు మీదే నడుస్తోంది.

ఏడాది తిరిగాక ఎడిటరు చీదరమ్మను పిలిచాడు. "ఆ నల్లదీ, దానికి పోటీగా వచ్చిన తెల్లదీ ఏడాది వాడకంలో ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి రాయి. అప్‌డేట్లు ఎన్నొచ్చాయి, ఎప్పుడొచ్చాయి, రోజువారీ వాడకం ఎలా ఉంది. ఒక పట్టిక వేసెయ్" అన్నాడు.

తెల్లది చీదరమ్మ చేతిలోనే ఉంది. దాని కంపెనీ నాలుగేళ్లే ఇస్తానంది. ఆ ఇచ్చేవి కూడా రెండు మూడు నెలలు ఆలస్యంగా, బతిమాలించుకుని వచ్చేవి. నల్లదానికైతే నెల నెలా ఠంచనుగా ఒకటి. లెక్క చూస్తే నల్లదే గెలిచినట్టు. కానీ ఈసారి పదిరోజుల ముచ్చట కాకూడదని, రోజంతా దాన్ని వాడేవాళ్ల పక్కన కూర్చుని చూద్దామని, ఒక సోమవారం పొద్దున్నే నోటు పుస్తకం పట్టుకుని వదిన క్లినిక్కుకు వెళ్లింది.

వెళ్లేసరికి వదిన చిర్రుబుర్రులాడుతోంది.

"రా మరదలా. నీ నిశ్చింత పొద్దున లేచేసరికి కొత్త అవతారం ఎత్తింది. పెద్ద అప్‌డేటట. నన్నడక్కుండా దానంతటదే వేసేసుకుంది. పక్క మీట నొక్కితే ఇదివరకు ఆగిపోయేది కదా, ఇప్పుడెవడో లేచి 'నేను మీ సహాయకుణ్ణి, ఏం కావాలి' అంటున్నాడు. నువ్వు నోరు మూసుకోవడం కావాలిరా నాయనా అంటే, అర్థం కాలేదట, మళ్లీ చెప్పమంటున్నాడు!"

చీదరమ్మ నవ్వి రాసుకుంది.

మొదట వచ్చింది ఒక బేకరీ యజమాని. మనిషి భారీకాయం, మోకాళ్లు అరిగిపోయాయి. అసలే సిగ్గరి, బల్ల మీద పడుకోవడానికే మొహమాటపడ్డాడు. వదిన నాలుగు కబుర్లు చెప్పి, అతని కాలు భుజాన వేసుకుని నెమ్మదిగా వంచుతోంది. పక్కన బల్ల మీదున్న ఫోను తెర వెలిగింది. ఎవరూ ముట్టుకోలేదు. గది నిండా వినబడేలా ఆ గొంతు చదివింది:

"మీకోసం. వేలాడే పొట్టతో విసిగిపోయారా? ఇరవై రోజుల్లో పద్నాలుగు కిలోలు కరిగించండి."

బేకరీ ఆయన మొహం కందగడ్డ అయింది. కాలు వెనక్కి లాక్కున్నాడు. "మీరు ఇలాంటివి కూడా అమ్ముతారా అమ్మా?" అన్నాడు.

"నేనెందుకు అమ్ముతానండీ, అది..." వదిన గబగబా ఫోను అందుకుని వేలు పెట్టింది. అది ఇంకో ప్రకటన అందుకుంది. ఈసారి చెమట వాసనకు మందు. ఆయన చొక్కా సర్దుకుని, రేపొస్తానని లేచి వెళ్లిపోయాడు. రేపు రాడని ముగ్గురికీ తెలుసు.

చీదరమ్మ ఫోను చేతిలోకి తీసుకుని తెర చూసింది. తాళం వేసి ఉన్న తెర మీదే, టైము కింద, వరుసగా ప్రకటనల చీటీలు. నిన్నటిదాకా ఇవి లేవు. అప్‌డేటుతో పాటు దొంగతనంగా లోపలికొచ్చాయి. వాటిని తీసేసే మీట కోసం సెట్టింగుల్లో వెతికింది. నాలుగు గదులు దాటుకుని వెళ్లాక కనబడింది. దాని మీద నొక్కితే, "ఏడు రోజులపాటు తక్కువగా చూపిస్తాం" అంది.

"తక్కువగానట!" అంది చీదరమ్మ. గోడ మీద ఉమ్మి చూసినట్టుంది ఆమె మొహం.

అంతలో ఫోను మోగింది.

ఎవరు చేస్తున్నారో గొంతు చెప్పింది. తుంటి ఎముకకు ఆపరేషనయిన ఒక పెద్దావిడ కూతురు. వదిన ఫోను అందుకుని అలవాటుగా తెర అడుగున కుడివైపు వేలు పెట్టింది. అక్కడ ఎప్పుడూ "ఎత్తు" అని పలికేది. ఇప్పుడేమీ పలకలేదు. ఎడమ వైపు పెట్టింది. ఏమీ లేదు. వేలు తెరంతా తడుముతోంది, మూలమూలకూ వెళ్తోంది, ఫోను మోగుతూనే ఉంది. చీటికీ మాటికీ వాగే ఆ గొంతు సరిగ్గా అవసరమైనప్పుడు నోట్లో బెల్లంముక్క పెట్టుకుంది. కొత్త అప్‌డేటులో మీట తీసేసి, పక్కకు జరిపే గీత ఒకటి పెట్టారు. అది కళ్లున్నవాళ్లకే కనిపిస్తుంది. గొంతుకు దాని సంగతి చెప్పడం ఎవరూ తలుచుకోలేదు.

"ఏదే? ఎక్కడ పెట్టారే దాన్ని?" అని వదిన కేకేసింది.

చీదరమ్మ లాక్కుని గీత జరిపేలోగా ఫోను ఆగిపోయింది. తిరిగి చేస్తే అటు ఎత్తలేదు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఐదో సారికి కూతురు ఏడుస్తూ పలికింది. పొద్దున అమ్మ కాలు వాచిందట, లేపి నడిపించవచ్చో కూడదో అడగడానికే చేసిందట. ఎవరూ ఎత్తకపోయేసరికి, రోజూలాగే లేపి నిలబెట్టిందట. ఆవిడ జారి గోడవారన చతికిలబడింది.

వదిన పక్కగదిలోవాళ్లకు చెప్పి, చేతికర్ర తీసుకుని, చీదరమ్మను వెంటబెట్టుకుని ఆ ఇంటికి పరిగెత్తింది. అదృష్టం బాగుండి ఎముక చెదరలేదు. పెద్దావిడ కాలు ఒళ్లో పెట్టుకుని తడిమి చూసి, "గండం గడిచింది" అని వదిన గట్టిగా ఊపిరి వదిలింది.

తిరిగొచ్చే దారిలో మలుపు దగ్గర వదిన అంది. "ఇలాంటివే ఏడేళ్లు ఇస్తారా మరదలా? ఒక్కటే అయింది కదా. ఇంకా ఆరున్నాయి."

ఆ మాటకు చీదరమ్మకు నవ్వు రాలేదు. ఇంటికెళ్లగానే అరలోంచి పెట్టె తీసి, తన పేరున్న వైపు చూసి, చెత్తబుట్టలో పడేసింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది.

జరిగింది జరిగినట్టు రాసింది. నల్లదానికి అప్‌డేట్లు ఎక్కువ, కానీ మొన్న వచ్చిన పెద్ద అప్‌డేటు ఉన్న మీటను పట్టుకుపోయింది; తెల్లదానికి తక్కువ, ఆలస్యం, కానీ నిన్న ఉన్న మీట ఇవాళా ఉన్నచోటే ఉంది. బేకరీ ఆయన సంగతీ, పెద్దావిడ సంగతీ పేర్లు లేకుండా రాసింది.

ఎడిటరు చదివి కళ్లజోడు తీశాడు. "బాగుందమ్మా. కానీ పట్టికలో దీన్ని ఎక్కడ పెడతావు? సంవత్సరాలకొక గడి ఉంది, వేగానికొక గడి ఉంది. ఈ ఏడుపుకు గడి లేదు."

"కొత్త గడి గీయండి సార్."

"నూటికి ఒకళ్లకు వచ్చే కష్టం ఇది."

"ప్రకటనలు నూటికి నూరుమందికీ వస్తున్నాయి కదండీ."

ఆయన వినీ విననట్టు గడియారం చూసుకున్నాడు. ఆ మధ్యాహ్నమే కంపెనీ ప్రతినిధి రానుంది. వచ్చింది. చక్కటి మనిషి, చక్కటి చీర, మాటకు ముందు చిరునవ్వు. కొత్త మోడల్ ఫోను బల్ల మీద పెట్టి, ఎనిమిదేళ్ల అప్‌డేట్లని మొదలుపెట్టింది. చీదరమ్మ ఆ ఫోనులో చదివే గొంతును పెట్టి, అటు జరిపింది.

"ఒక్కసారి కళ్లు మూసుకుంటారా మేడమ్? నేను చేస్తాను, మీరు ఎత్తండి."

ఆవిడ సరదాగా కళ్లు మూసుకుంది. ఫోను మోగింది. గోరింటాకు రంగు గోళ్లు తెరంతా తిరిగాయి. చిరునవ్వు అలాగే ఉంది గానీ బిగిసింది. మోగి మోగి ఆగింది. ఆగిన వెంటనే గొంతు పలికింది: "మీకోసం. బట్టతలకు శాశ్వత పరిష్కారం." ఎడిటరు చెయ్యి దానంతటదే తల మీదికి వెళ్లింది. అవతల బల్లల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు.

ప్రతినిధి కళ్లు తెరిచింది. "చాలా విలువైన అభిప్రాయం మేడమ్. పైవాళ్లకు తప్పకుండా చేరవేస్తాను."

"ఆ అప్‌డేటు వచ్చాక మీ కంపెనీకి మూడు ఉత్తరాలు రాశాను. అవి చేరాయా?"

"చేరే ఉంటాయి."

అని సంచీలోంచి కొత్త పెట్టె తీసి చూపించింది. దాని మీద కూడా అదే వాక్యం, అదే పేరు. ఏడు ఒక్కటే ఎనిమిదయింది.

"ఇది తీసెయ్యండి" అంది చీదరమ్మ. "నేను ఎనిమిది అనలేదు. ఇప్పుడు ఏడు కూడా అనను."

"ఆ మాట మీదే కదా మేడమ్? మిమ్మల్ని బలవంతం చేసి రాయించలేదు కదా?"

అదీ నిజమే. ఎవరూ గొంతు మీద కత్తి పెట్టలేదు. పది రోజులు అద్దం తుడుచుకుంటూ కూర్చుని, ఏడేళ్ల సంగతి తనే చెప్పేసింది. అంతసేపూ కంపెనీ మీదా, ఎడిటరు మీదా ఉన్న రోత అంతా ఒక్క క్షణంలో తన మీదికే తిరిగింది. నోరంతా చేదయింది. ఇక ఆ గదిలో కూర్చోలేక లేచి వచ్చేసింది.

వ్యాసం వచ్చింది. నల్లదానికి అప్‌డేట్లలో పదికి పది. క్లినిక్కు సంగతి మొత్తం ఎగిరిపోయి, "కొందరికి కొత్త మార్పులు అలవాటు కావడానికి సమయం పట్టవచ్చు" అనే ముక్క మిగిలింది. తన పేరు వెయ్యవద్దని గట్టిగా చెప్పింది. వెయ్యలేదు. "మా పరీక్షల బృందం" అని వేశారు. ఆ బృందంలో ఆమె తప్ప ఇంకెవరూ లేరు.

ప్రతి బుధవారం మూడింటి నుంచి ఐదింటిదాకా పాఠకుల ఫోన్లకు జవాబు చెప్పడం కూడా ఆమె పనే. ఆ బుధవారం మొదటి ఫోను ఎత్తి, "అచ్చయింది వదిలెయ్యండి. మీరు రోజూ ఫోనుతో ఏం చేస్తారో చెప్పండి" అంది. అడిగినవాళ్లకు అడిగినంతా చెప్పింది. నల్లది ఏం చేస్తోందో, ఎందుకు చేస్తోందో, పట్టికలో పది ఎలా వచ్చిందో. ఆరు బుధవారాలు అలా గడిచాయి. ఏడో బుధవారం ఆమె బల్ల మీద ఫోను లేదు, తీగ మాత్రం వేలాడుతోంది. "ఆ కార్యక్రమం ఆపేశాం" అన్నాడు ఎడిటరు, ఆమె మొహం చూడకుండా. "నువ్వు మనిషివి మంచిదానివేనమ్మా. చీదర ఎక్కువ, అంతే."

"మీకు తక్కువైందండీ, అందుకే నాకు ఎక్కువ కావాల్సి వచ్చింది" అని, తన తుడుపు గుడ్డలు సంచీలో వేసుకుని వెళ్లిపోయింది.

నాలుగు నెలల తర్వాత నల్లదానికి ఇంకో అప్‌డేటు వచ్చింది. "ఎత్తు" మీట పాత చోటికి తిరిగొచ్చింది. ప్రకటనలు మాత్రం కదల్లేదు. అప్పటికే వదిన తెల్లదానికి మారిపోయింది. "ఇదీ గొప్పదేం కాదు. కాకపోతే తలుపు తట్టి లోపలికొస్తుంది" అంది. బేకరీ ఆయన మళ్లీ రాలేదు. ఆయన నెంబరుకు వదిన రెండుసార్లు చేసింది, ఎత్తలేదు.

చీదరమ్మ ఇప్పుడు వాడిన ఫోన్లు అమ్మే ఒక చిన్న కొట్లో పనిచేస్తోంది. కొన్నవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, అక్కర్లేనివి తీసేసి, కావలసినవి చేతికి అందేలా సర్ది ఇస్తుంది. గంటకు ఒకళ్లిద్దరి కంటే తెమలరు.

మొన్న ఒక దర్జీ వచ్చాడు, మెళ్లో టేపుతో. వచ్చీ రాగానే, "అమ్మా, దీనికి ఎన్నేళ్లు అప్‌డేట్లొస్తాయి?" అని అడిగాడు.

"మూడేళ్లంటున్నారు. వాళ్ల మాట, నాది కాదు. మీరు కుట్టేటప్పుడు ఫోను ఎక్కడ పెట్టుకుంటారు?"

"మిషను పక్కన. చేతులు ఖాళీ ఉండవు. మోచేత్తో నొక్కుతాను."

"అయితే మోచేత్తో నొక్కి చూపించండి."

ఆయన ఇటూ అటూ చూసి, నవ్వుకుంటూ, మోచెయ్యి ఎత్తి తెర మీద ఆనించాడు. అద్దం నిండా సుద్దముక్క పొడి అంటింది. చీదరమ్మ ముక్కు చిట్లించింది గానీ గుడ్డ తియ్యలేదు. "ఇంకోసారి" అంది.