తొమ్మిదో స్టేషన్లో పద్నాలుగు నిమిషాలు

నిజం రైలుబండికి పాజ్ బటన్ ఉంటుందా అని తమ్ముడు అడిగిన రోజున మాస్టారి దగ్గర జవాబు లేదు. అలా ఇరవై రెండేళ్ళ కిందట ఆ అన్నదమ్ములిద్దరూ కలిసి తయారుచేసిన మొదటి రైలు ఆటలో పాజ్ లేకుండా పోయింది. నాలుగు గంటల పది నిమిషాల దారి, పదిహేడు స్టేషన్లు. ఇంజన్ ఎక్కినవాడు చివరి స్టేషన్లో దిగాల్సిందే. గుమ్మంలో ఎవరు పిలిచినా, పొయ్యి మీద పాలు పొంగినా బండి ఆగదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం తమ్ముడు. విచిత్రమేమిటంటే, ఆ మూడు కాళ్ళ కుందేలే జనానికి తెగ నచ్చింది.

మాస్టారు ఒకప్పుడు బళ్ళో లెక్కలు చెప్పిన మనిషి. బడి వదిలేసినా పిలుపు వదల్లేదు. ఆటలో ఏ బండి ఏ స్టేషన్‌కి ఎన్ని గంటలకు రావాలో, ఎన్ని నిమిషాలు ఆగాలో రాసే పని ఆయనది. సిగ్నళ్ళు తమ్ముడివి. ఇంటి ముందుగదిలో ఒక్క కంప్యూటర్‌తో మొదలైన కంపెనీ ఇప్పుడు కళ్ళజోళ్ళ దుకాణం మీద రెండంతస్తులు ఆక్రమించింది. నలభైమంది పనిచేస్తున్నారు. అయినా ఆ మొదటి దారి విషయంలో ఈ పంపకం మారలేదు. అన్న టైంటేబుల్ని తమ్ముడు ముట్టుకోడు, తమ్ముడి సిగ్నళ్ళ జోలికి అన్న వెళ్ళడు.

వాళ్ళ ఆటలు మొదట్లో డిస్కుల మీద అట్టపెట్టెల్లో పోస్టులో వెళ్ళేవి. తర్వాత లోకంలోని సరుకంతా అమ్మే పెద్ద పెద్ద ఆన్‌లైన్ స్టోర్లలో ఏదో మూల అరలో పడి ఉండేవి. ఇన్నాళ్ళకి ఆన్‌లైన్లో సొంతంగా ఒక చోటు కట్టుకున్నారు. ఆటలు కొనుక్కోవడం, ఆటగాళ్ళు తాము తయారుచేసిన రైలుపెట్టెలూ స్టేషన్లూ పంచుకోవడం, కబుర్లు చెప్పుకోవడం, పదిమందీ కలిసి ఒకే బండిలో వెళ్ళడం, అన్నీ అక్కడే. దానికి జంక్షన్ అని పేరు పెట్టారు. శుక్రవారం తెరుస్తున్నారు. ఆ పనంతా తమ్ముడి కూతురు నడిపిస్తోంది. మొదటి ఆట తయారయ్యేటప్పుడు బల్లకింద కూర్చుని వైర్లు లాగిన నాలుగేళ్ళ పిల్ల, ఇప్పుడు ఆఫీసులో అందరి చెవులూ పట్టుకు లాగుతోంది.

సోమవారం పొద్దున్నే ఆ అమ్మాయి లోపాల జాబితా పట్టుకుని మాస్టారి బల్ల దగ్గరికి వచ్చింది.

“పెదనాన్నా, మన మొదటి దారిలో తొమ్మిదో స్టేషన్లో బండి పదకొండు నిమిషాలు ఎందుకాగుతుంది?”

మాస్టారు టీ కప్పు పైకెత్తి, అందులో టీ లేదని చూసి, మళ్ళీ కింద పెట్టారు.

“క్రాసింగమ్మా. ఎదురుగా ఎక్స్‌ప్రెస్ వస్తుంది. అది వెళ్ళేదాకా మనం ఆగాలి.”

“ఏ ఎక్స్‌ప్రెస్? ఫైళ్ళన్నీ వెతికించాను. ఆ దారిలో అలాంటి బండే లేదు. ఇరవై రెండేళ్ళుగా జనం రాని బండి కోసం కాచుక్కూర్చున్నారు!”

మాస్టారు తేలు కుట్టిన దొంగలా ఖాళీ కప్పులోకే చూశారు.

“కొత్తవాళ్ళు అక్కడికొచ్చేసరికి ఆట చెడిపోయిందనుకుని మూసేసి పోతున్నారు. ఒక్క నిమిషానికి కుదించేస్తున్నాను. నీకు బాగా చిరాకు తెప్పించే ఆ సిగ్నల్ కూడా సరిచేయించేస్తాలే. టైంటేబుల్లో పదకొండు నిమిషాలని ఉంటే పద్నాలుగో నిమిషానికి గానీ పచ్చదీపం పడదు కదా. దాని గురించి నువ్వు నాన్నకి ఎన్ని ఫిర్యాదులు రాశావో తెలుసా? ఇరవై ఆరు.”

“ఇరవై ఏడు,” అన్నారు మాస్టారు. లెక్క తప్పితే ఆయన ఎలాంటి కష్టంలో ఉన్నా ఊరుకోలేరు.

“సరే, ఇరవై ఏడు. పాత ఫోరం కూడా గురువారంతో మూసేస్తున్నాం. గత మూడేళ్ళ కబుర్లు మాత్రమే జంక్షన్‌కి వస్తాయి. అంతకు ముందువి మొయ్యలేం పెదనాన్నా, వేలకు వేలున్నాయి.”

అమ్మాయి వెళ్ళిపోయింది. మాస్టారు తెర మీద పాత టైంటేబుల్ తెరిచారు. చెప్పెయ్యొచ్చు. కానీ ఎలా చెప్పడం? ఆ అబద్ధం మొదట చెప్పింది పిల్లకి కాదు, తమ్ముడికి. ఒకే బల్ల దగ్గర అన్నం తిన్న తమ్ముడికి ఇరవై రెండేళ్ళు అబద్ధం చెప్పి, ఇప్పుడు తూచ్ అనడం పెద్దరికానికి తగిన పనా?

కంపెనీలో మొదటినుంచీ ఒక ఆచారముంది. దాన్ని నిండు బండి అంటారు. ఆటలో చిన్న మార్పు చేసినా సరే, ఒక మనిషి కూర్చుని మొత్తం దారి, ఉన్న టైముకి ఉన్నట్టుగా, నడిపి తీరాలి. మొదటి ఆట పూర్తయ్యే రోజుల్లో రోజుకో మార్పు, రోజూ నిండు బండి. పదకొండింటికి బయల్దేరితే మూడూ పదికి చేరడం. నడిపేది మాస్టారు. పక్కనే తమ్ముడు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని సిగ్నళ్ళు రాస్తుండేవాడు. వెనకగదిలో అమ్మ మంచాన ఉంది.

ఒంటిగంట దాటాక అమ్మకి జావ పట్టాలి. పెద్దకొడుకు చెయ్యి అయితేనే ఆవిడ నోరు తెరిచేది. కోడలు పట్టినా, చిన్నకొడుకు పట్టినా పెదవులు బిగించేసేది. చంటిపిల్ల కన్నా మొండి. బండేమో ఆపడానికి లేదు. తమ్ముణ్ణి పాజ్ పెట్టమని బతిమాలితే మాట పోతుంది. లెక్కల మాస్టారు లెక్కే చేశారు. బండి తొమ్మిదో స్టేషన్‌కి ఒంటిగంటా పదికి చేరుతుంది. గిన్నెడు జావకి పదకొండు నిమిషాలు పడుతుంది. ఆ రాత్రికే టైంటేబుల్లో పదకొండు నిమిషాల ఆగుడు వచ్చి చేరింది. ఎందుకన్నయ్యా అని తమ్ముడు అడిగితే, క్రాసింగ్ అన్నారు. తమ్ముడు తల ఊపి హెడ్‌ఫోన్లు పెట్టేసుకున్నాడు.

ఆట అట్టపెట్టెల్లోకి ఎక్కిన నెలకి అమ్మ పోయింది. పదకొండు నిమిషాలు మాత్రం ఆటలో ఉండిపోయాయి.

మంగళవారమంతా మాస్టారు పాత ఫోరం చదువుతూ గడిపారు. అందులో ఆయనకి ఇష్టమైన చర్చ ఒకటుంది. “తొమ్మిదో స్టేషన్లో మీరేం చేస్తారు?” అని పదిహేడేళ్ళ కిందట ఎవరో ఒక దర్జీ మొదలుపెట్టాడు. కాజాలు కుట్టుకుంటానని తనే మొదటి జవాబు రాసుకున్నాడు. దాని కింద వందల మంది రాశారు. ఒకావిడ పిల్లల యూనిఫాంలు ఇస్త్రీ చేస్తుందట. ఒక నర్సు ఇంటికి ఫోన్ చేసి వాళ్ళమ్మని మందు వేసుకున్నావా అని అడుగుతుందట. ఒకాయన సగం గడ్డం గీసుకున్నాక సిగ్నల్ పడిందనీ, మిగతా సగంతో చివరి స్టేషన్ దాకా వెళ్ళాననీ రాశాడు. ఒక టాక్సీ డ్రైవరు ఏమీ చెయ్యననీ, ఊరికే కూర్చుంటాననీ, రోజు మొత్తంలో తాను ఊరికే కూర్చునేది అప్పుడేననీ రాశాడు. ఎందుకాగుతుందో ఒక్కరికీ తెలియదు. అయినా ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు. ఫిర్యాదులన్నీ మాస్టారివే, అవీ చివరి మూడు నిమిషాల గురించి. ఆలస్యం అంటే ఆయనకి ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది. రాసిన ప్రతిసారీ తమ్ముడి జవాబు ఒకటే: చూస్తాను.

బుధవారం మధ్యాహ్నానికి ఇక ఓపిక పట్టలేకపోయారు. నోటితో చెప్పలేని మాట రాతలో వస్తుందేమోనని జంక్షన్లో లోపాలు తెలిపే ఫారం తెరిచారు. లోపం ఏమిటి అన్న చోట, ‘ఎక్స్‌ప్రెస్ ఎప్పుడూ లేదు’ అని రాశారు. ఎవరివల్ల అన్న చోట ‘నావల్ల’ అని రాశారు. వివరాల గడిలో ఒక్కో అక్షరమే కొట్టారు.

‘మీ నానమ్మకి ఆ టైముకి జావ పట్టాలి. పదకొండు నిమిషాలు పట్టేది. మీ నాన్నకి క్రాసింగని అబద్ధం చెప్పాను. ఆవిడది ఈ ఆఫీసులో మిగిలింది ఇదొక్కటే. తీసెయ్యకు తల్లీ. మీ నాన్నకి చెప్పకు.’

పంపించేశాక గుండె తేలికపడింది. జంక్షన్లో పంపిన ఫారం ఆ స్టేషన్ మీద పనిచేసిన ప్రతి ఒక్కరికీ వెళ్తుందని ఆయనకి తెలియదు. మొన్నటి మీటింగులో ఆ సంగతి ఒకటికి రెండుసార్లు చెప్పింది అమ్మాయి. మాస్టారు అప్పుడు కునుకు తీస్తున్నారు.

గురువారం పొద్దున తలుపు తోసుకుని తమ్ముడు వచ్చాడు. వెనకాలే కూతురు. తమ్ముడు కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరికీ అరవై దగ్గరపడుతోంది గానీ, ఆ క్షణంలో మాస్టారి మొహం అద్దం పగలగొట్టిన పిల్లాడి మొహంలా ఉంది.

“నాకు తెలుసన్నయ్యా,” అన్నాడు తమ్ముడు.

“ఏం తెలుసు?”

“ఎక్స్‌ప్రెస్ లేదని. ఎదురు బండి ఉంటే దానికి దారి ఇవ్వాల్సింది నేనే కదా. సిగ్నళ్ళు రాసేవాడికి తెలియకుండా ఏ బండి వస్తుంది? మొదటిరోజే తెలుసు.”

“మరి అడగలేదేం? పైగా హెడ్‌ఫోన్లు పెట్టుకుని…”

“అందులో ఏమీ మోగేది కాదు. నువ్వు మొహమాటపడకుండా లేచి వెళ్తావని పెట్టుకునేవాణ్ణి.”

అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. “మరి ఆ మూడు నిమిషాలేంటి నాన్నా?” అని అడిగింది. “టైంటేబుల్లో లేని మూడు నిమిషాలు?”

తమ్ముడు బల్ల మీదున్న స్టేప్లర్‌ని అటూ ఇటూ తిప్పాడు.

“చివర్లో అమ్మ బాగా నెమ్మదించిందన్నయ్యా. నువ్వు లోపల్నుంచి ‘కానీ అమ్మా, కానీ, బండి కదిలిపోతుంది’ అనేవాడివి. ఆవిడ గబగబా మింగబోయేది, పొలమారేది. ఇవతల కూర్చుని వింటుండేవాణ్ణి. నేను పడితే తాగదాయె. మర్నాడు సిగ్నల్‌ని మూడు నిమిషాలు వెనక్కి జరిపాను. మా అమ్మకి నేను పెట్టగలిగింది ఆ మూడు నిమిషాలే.”

కింద దుకాణంలో షట్టర్ ఎత్తిన చప్పుడు వినిపించింది. మాస్టారికి ఆ ఆఖరి వారాలు గుర్తొచ్చాయి. గిన్నె కడిగి పరుగున వస్తే ఇంకా ఎర్రదీపమే ఉండేది. అదృష్టమనుకుని, తర్వాత్తర్వాత అమ్మని తొందరపెట్టడం మానేశారు. అమ్మ పొలమారడం ఆగిపోయింది, అది మందు గుణమనుకున్నారు. ఆ తర్వాత ఇరవై రెండేళ్ళు అదే సిగ్నల్ మీద ఇరవై ఏడు ఫిర్యాదులు రాశారు. కన్నతల్లిని తొందరపెట్టానే అన్న బాధ, తమ్ముణ్ణి ఇన్నేళ్ళూ సాధించానే అన్న సిగ్గు, రెండూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

“రాసినప్పుడల్లా ‘చూస్తాను, చూస్తాను’ అన్నావు కదరా,” అన్నారు ఎలాగో.

“చూస్తూనే ఉన్నాను. చెరపబుద్ధి కాలేదు.”

అమ్మాయి కళ్ళు తుడుచుకుని, చేతిలోని జాబితాలో రెండు గీతలు కొట్టింది. “ఆగుడు తియ్యను. సిగ్నల్ ముట్టుకోను. ఆ దర్జీగారి చర్చ మొత్తం మోసుకొస్తాను, చేత్తో ఎక్కించాల్సొచ్చినా సరే,” అంది. మళ్ళీ ఆగి, “పెదనాన్నా, ఎటూ తేలిపోయింది కదా, టైంటేబుల్లో పద్నాలుగని దిద్దేద్దామా?” అంది.

లెక్క తప్పుగా ఉండటం మాస్టారు ఒప్పుకున్నది జన్మలో అదే మొదటిసారి.

“వద్దమ్మా. పదకొండే ఉండనీ. ఆ మూడూ వాడివి.”

శుక్రవారం పదకొండింటికి జంక్షన్ తెరిచారు. మొదటి నిండు బండి మాస్టారు నడిపారు. కొత్త ఏర్పాటు వల్ల మూడువేల మంది అదే బండిలో ఎక్కి కూర్చున్నారు. వాళ్ళ మాటలు తెర పక్కన వరసగా వచ్చి పోతున్నాయి. తమ్ముడు పక్క కుర్చీలో కూర్చున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకోలేదు.

ఒంటిగంటా పదికి బండి తొమ్మిదో స్టేషన్లో ఆగింది. ఇస్త్రీ చేసుకొస్తానని ఒకరు రాశారు. అమ్మకి ఫోన్ చేసుకొస్తానని ఇంకొకరు. నేను ఊరికే కూర్చుంటా అని ఎవరో రాస్తే, ఆ టాక్సీ డ్రైవరేనని మాస్టారు గుర్తుపట్టారు. పదకొండు నిమిషాలు గడిచాయి. సిగ్నల్ ఎర్రగానే ఉంది. అలవాటుగా చేతి గడియారం మీదికి వెళ్ళబోయిన చూపుని మాస్టారు పట్టి ఆపారు. గడియారం విప్పి సొరుగులో పెట్టేశారు.

“మెల్లగా తాగమ్మా,” అన్నారు, పక్కన తమ్ముడికి వినపడేలా. “ఇంకా టైముంది.”