అమ్మడి ఫోనులో ఎండ

కళింగపట్నం పక్కన మా పేటలో ఎండుచేపల పని చేసే ఆడవాళ్ళకు ఎండా వానా చెప్పేది నేనే. నేనంటే కూర్మమ్మను, నాతోబాటు నా పాత రేడియో. పొద్దున్నే రేడియో వాతావరణం చెప్పేదాకా ఇసుక మీద ఎవరూ చేప పరిచేవారు కాదు. "కూర్మమ్మప్పా, ఏటి సెప్పింది?" అంటూ నా గుమ్మం ముందు నిలబడేవారు. నేను తీరిగ్గా టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు చెప్పేదాన్ని. అబద్ధమెందుకు, ఆ గొప్ప నాకు చాలా ఇష్టం.

ఆ గొప్పకు 2017లో గండి కొట్టింది పక్కింటి అమ్మడు. ఆ ఏడాది ఆగస్టులో దాని మొగుడు వినోద్, నా కొడుకు ఈశ్వర్ ఇద్దరూ ఆమదాలవలసలో రైలెక్కి, గుజరాత్‌లో వేరావల్‌కు బోటు పనికి పోయారు. మా పేట మగవాళ్ళు ఏటా పోయేదే, వేసవి దాకా రారు. పోతూ పోతూ వినోద్ తన పాత ఫోను పెళ్ళానికి ఇచ్చాడు. అంతకుముందు ఏడాది అక్కడే కొన్న ఫోను అది. అందులో వాతావరణం బొమ్మ ఉంది. సూర్యుడు కనబడితే ఎండ, మబ్బు కనబడితే మబ్బు. పైన ఇంగ్లీషులో ఏదో రాసి ఉండేది. మాలో ఎవరికీ ఇంగ్లీషు రాదు. బొమ్మ ఉండగా అక్షరాలతో పనేముంది?

దసరా వెళ్ళాక నెత్తళ్ళు, అదే వేలెడంత చిన్న చేపలు, బాగా పడ్డాయి. వరసగా ఎండలు కాశాయి. ఫోనులోనూ రోజూ సూర్యుడే. నా రేడియో మాత్రం "అక్కడక్కడ జల్లులు పడవచ్చు" అని నసిగేది. ఆ అక్కడక్కడ ఎక్కడో ఎవరికి తెలుసు? మెల్లగా ఆడవాళ్ళందరూ నా గుమ్మం వదిలి అమ్మడి గుమ్మం పట్టారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

అమ్మడికి అది సొంతంగా మొదటి సరుకు. అత్తగారి చాటు లేకుండా తనే వేలం పాడి నెత్తళ్ళు కొంది. ఆమదాలవలస షావుకారు వచ్చి చూసి, బాగా ఎండితే ఇకమీద అమ్మడి దగ్గరే కొంటానన్నాడు. సగం ఎండిన చేప తడిస్తే నల్లబడి కంపు కొడుతుంది. అలాంటి సరుకు చూపిస్తే ఆయన మళ్ళీ మా పేట వైపు రాడు.

సరుకు సగం ఎండిన రోజు రేడియో నసగలేదు. అల్పపీడనం ఉందనీ, మధ్యాహ్నం నుంచి శ్రీకాకుళం జిల్లాలో భారీ వర్షమనీ తెగేసి చెప్పింది. తూర్పున మబ్బు చూసి మిగతావాళ్ళు జంకారు. అమ్మడు మాత్రం ఇసుకలో వలలు పరిచి సరుకంతా ఆరబోసేసింది. నేను పరుగున వెళ్ళాను.

"ఒసే అమ్మడూ, ఎత్తెయ్యే! మద్దేనం వాన వస్తాదని రేడియో సెప్పింది."

"నీ రేడియో రోజూ అదే సెప్తాది కదత్తా! ఇటు సూడు, సూరీడు ఎలగున్నాడో!"

"నువ్వు ఏడిసినప్పుడు కూడా అలగే ఉంటాడు. నీ ఇష్టం!" అని తిట్టుకుంటూ వచ్చేశాను.

వచ్చానే గాని కూర్చోలేకపోయాను. పిల్లకు పొగరే గాని కష్టపడే మనిషి. టార్పాలిన్ చంకన పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. అన్నాల వేళకు గాలి తిరిగింది. మొదటి చినుకు పడేసరికి నేను ఇసుకలో ఉన్నాను. "బేగి, బేగి!" అని అరుస్తూ ఇద్దరం వలల కొసలు పట్టి మూటలు కట్టాం, పైన టార్పాలిన్ కప్పి మా అరుగు మీదికి ఈడ్చాం. చివరనున్నవి కొన్ని తడిసిపోయాయి. మిగతా సరుకు దక్కింది.

తడిసి ముద్దయిన అమ్మడు కోపంగా వినోద్‌కు ఫోను చేసి స్పీకర్ పెట్టింది. బోటు ఒడ్డున ఉంది కాబోలు, వెంటనే ఎత్తాడు.

"దొంగ ఫోను ఇచ్చినావు నాకు! ఇక్కడ కుండపోత వాన. నీ ఫోనులో సూరీడు కదల్నేదు!"

"ఇక్కడైతే ఎండ మాడ్సేస్తన్నాది..." అని వినోద్ ఆగిపోయాడు. తర్వాత ఫోను పగిలేలా నవ్వాడు. "ఒసే, అది వేరావల్ ఎండే! నాను ఇక్కడున్నప్పుడు పెట్టిన ఊరు, అలగే ఉండిపోనాది."

అంటే ఇన్నాళ్ళూ మా పేటంతా గుజరాత్ ఎండ చూసి ఇక్కడ చేపలు ఎండబెట్టింది. నేను కడుపు పట్టుకుని నవ్వాను. అమ్మడు మూతి ముడుచుకుని కూర్చుని, ఆపుకోలేక తనూ నవ్వేసింది.

"ఊరు మార్సడం సెప్తాను, ఇను" అన్నాడు వినోద్.

అమ్మడు నవ్వు ఆపేసింది. "వొద్దు, ఉండనీ. ఇక్కడి వాన అత్త రేడియో సెప్తాది. నువ్వు సముద్రం మీదుంటే, అక్కడ గాలో వానో నాకు ఎవులు సెప్తారు?"

నా నవ్వు కూడా ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా వింటున్నాను, నా రేడియో నా కొడుకున్న చోటు గురించి ఒక్క ముక్కా చెప్పలేదు.

షావుకారు వచ్చి ఎండిన సరుకు తీసుకుపోయాడు, మళ్ళీ వస్తానన్నాడు. ఆడవాళ్ళు మళ్ళీ నా గుమ్మం ముందుకే వస్తున్నారు. ఇప్పుడు టీ తాగేదాకా వాళ్ళను నిలబెట్టడం లేదు. గబగబా చెప్పి పంపేసి, వెళ్ళి అమ్మడి గుమ్మం ముందు నేను నిలబడతాను.

"ఒసే, మనోళ్ళ కాడ ఏటి సూపిస్తన్నాది?"

"ఎండే అత్తా" అంటుంది.

అప్పుడు ఇంటికొచ్చి టీ పెట్టుకుంటాను.