రాహుకాలంలో బిగిసిన గొట్టం

నేను ఒక పాత కారు పొట్ట కింద పదకొండేళ్లు బతికిన ఇనప గొట్టాన్ని. ఆ కారు పుట్టినప్పుడు నేను లేను. దానికి యాభై ఏళ్లు దాటి, నడుం వంగాక నన్ను తెచ్చి కట్టారు.

విజయవాడ ఆటోనగర్‌లో మస్తాన్ అనే మెకానిక్ ఒక పొడవాటి గొట్టాన్ని సరిగ్గా మధ్యకు కోశాడు. ఒక సగం నేను, రెండో సగం నా తోబుట్టువు. రంపం దిగుతున్నంతసేపూ ఇక మేం కలవమనే అనుకున్నాను. నేను మొదట నేర్చుకున్నది విడిపోవడమే. కానీ అతను మా ఇద్దరినీ కత్తెరలా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టి, నడుమ ఒక బోల్టు వేశాడు.

ఆ కారు ఉమాపతి గారిది. డ్రాయింగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. ఒకసారి నూజివీడు వెళ్తూ రైలు గేటు దాటుతుంటే ఎడమ తలుపు దానంతటదే తెరుచుకుంది. భార్య సుభద్రమ్మ సగం బయటికి వేలాడింది. ఆయన ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకుని ఎలాగో ఆపారు. అప్పటినుంచి ఆవిడ ఆ కారెక్కలేదు. నూజివీడులో మంచం పట్టిన అక్కను చూడటానికి ప్రతి మంగళవారం బస్సులో వెళ్లేది. ఆయన ఆవిడ సంచీని పక్క సీట్లో పెట్టుకుని బస్సు వెనకే కారులో వెళ్లేవారు. ఒకే ఊరికి, ఒకే వేళకు, విడివిడిగా. మనుషుల పంతాలు ఇనుముకు అర్థం కావు.

తలుపు గడి మూడుసార్లు మార్పించారట. మస్తాన్ కారు కిందికి దూరి చూసి, "గడి తప్పు కాదు సార్, గతుకు తగిలినప్పుడల్లా బండి ఒళ్లు మెలి తిరుగుతోంది" అన్నాడు. ఆ మెలిని ఆపడానికే మేము. ఈ పనీ పట్టకపోతే కారును పాత ఇనుము కింద తూకానికి ఇచ్చెయ్యాలని సుభద్రమ్మ షరతు పెట్టింది. ఆయన ఒప్పుకున్నారు.

బిగించింది ఒక శుక్రవారం. పదిన్నరకు రాహుకాలం. మాస్టారు నిమిషానికోసారి గడియారం చూస్తూ మస్తాన్ను తొందరపెట్టారు. కారు నడుం కింద జాకీ ఉంది, చక్రాలు గాల్లో ఉన్నాయి. దించి, నేల మీద నిలబెట్టాకే బోల్టులు బిగించాలని మస్తాన్‌కు తెలుసు. అయినా పెద్దాయన మాట కాదనలేక అలాగే బిగించేశాడు. పదీ ఇరవై అయిదుకు పని అయిపోయింది. మాస్టారు కొబ్బరికాయ కొట్టారు.

కారు దించి తలుపు వేస్తే చప్పుడు తేడాగా వచ్చింది. అంతవరకూ స్టూలు మీద కూర్చుని చూస్తున్న సుభద్రమ్మ లేచి, క్యాలెండరు కాగితం చింపి తలుపు పై సందులో పెట్టింది. సందు ఎక్కువై కాగితం నిలవలేదు, జారి కిందపడింది. మస్తాన్‌కు తన తప్పు తెలిసింది. గాల్లో ఉన్నప్పుడు కారు ఎలా వంగిందో, ఆ వంకరనే మేము గట్టిగా పట్టుకుని ఉన్నాం. అంత నమ్మకంగా తప్పును కాపాడటం మాకే సిగ్గనిపించింది.

విప్పి మళ్లీ బిగించాలి. రేపు చూద్దామన్నారు మాస్టారు. ఇది రాహుకాలమన్నారు.

"ఆ రోజు మంచి ముహూర్తం చూసుకునే బయల్దేరాం కదండీ" అంది సుభద్రమ్మ. "నన్ను తోసింది రాహుకాలం కాదు, ఆ తలుపు. విప్పించండి."

విప్పారు. మస్తాన్ ఈసారి కారును షెడ్డులో అడుగు పనులకు తవ్విన గుంత మీదికి నడిపించి, నాలుగు చక్రాల మీదా నిలబెట్టి, తాను గుంతలోకి దిగాడు. బరువు సరిగా పడాలి, రోజూ కూర్చునే చోట ఇద్దరూ కూర్చోమన్నాడు. ఆవిడ చాలాసేపు నిలబడింది. చివరికి ఎక్కింది, ఒక కాలు బయట నేల మీదే పెట్టి.

"రెండో కాలు కూడా అమ్మా" అన్నాడు మస్తాన్ కిందనుంచి.

ఆ కాలు లోపలికి వచ్చిన బరువు నాకు తెలిసింది. అప్పుడు బిగించాడు.

మంగళవారం ఇద్దరూ కారులోనే బయల్దేరారు. రైలు గేటు వచ్చింది. ఆవిడ తలుపు పిడిని రెండు చేతులా పట్టుకుంది. ముందు చక్రం పట్టా ఎక్కగానే కారు ఒళ్లంతా మెలి తిరగబోయింది. ఆ మెలి నా చివరలదాకా వచ్చింది. తోబుట్టువు అటు లాగింది, నేను ఇటు లాగాను. బోల్టు కిర్రుమంది. అది తెగితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు. వెనక చక్రం కూడా దాటింది. తలుపు కదల్లేదు. ఆవిడ మాత్రం నూజివీడుదాకా పిడి వదల్లేదు.

తిరిగొచ్చేటప్పుడు అక్కగారింట్లో ఇచ్చిన మామిడిపళ్ల బుట్ట ఆవిడ ఒళ్లో ఉంది. గేటు దగ్గర కారు ఊగింది. బుట్ట ఒరగబోయింది. ఆవిడ రెండు చేతులూ బుట్ట మీదికే వెళ్లాయి.

మాస్టారు పోయాక, పాత కార్లు సేకరించే ఒకాయన దాన్ని కొన్నాడు. పోటీలో పెడతాడట. పుట్టుకతో లేనిది ఉంటే మార్కులు పోతాయని మమ్మల్ని విప్పించేశాడు. కారు ఇప్పుడు ఒక హాల్లో తాడు కట్టిన చోట నిలబడి ఉంది. కదలదు కాబట్టి దాని తలుపుకు భయం లేదు. తోబుట్టువు ఎవరి ఇంటి గేటుకో వెళ్లింది. ఎవరిదో నాకు చెప్పలేదు.

నన్ను మాత్రం మస్తాన్ తన షెడ్డు తలుపుకు అడ్డగడియగా పెట్టుకున్నాడు. గాలి వీచినప్పుడు తలుపు నన్ను నెడుతుంది. ప్రతిసారీ రైలు గేటు వచ్చిందనుకుని బిగుసుకుంటాను. అవతల ఎవరో పిడి వదిలేసి బుట్ట పట్టుకుని ఉన్నారేమో.